నవనీత కుడిచేతి ఎంపిక

బొర్రంపల్లి ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న నవనీత కుడిచేతిని హైదరాబాదులోని ప్రతిభా వికాస బేస్‌బాల్ అకాడమీ ఎంపిక చేసుకుని, మిగతా నవనీతను ఇంటికి పంపించింది. ఊళ్లో అందరూ సంతోషించారు. నిజామాబాదు జిల్లా మొత్తం మీద ఆ ఏడు ఎంపికైన చెయ్యి అదొక్కటే. పక్క మండలం నుంచి ఒక మోకాలు వెయిటింగ్ లిస్టులో ఉందని చెప్పుకున్నారు గాని అది రూఢి కాలేదు.

బేస్‌బాల్ ఆ బడికి పోశెట్టి సార్‌తో వచ్చింది. ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు. మైదానంలో నాలుగు గోనెసంచులు పరిచి, ఇదీ ఆట అని పిల్లలకు చూపించాడు. ఇందులో బంతి విసిరేవాళ్లను పిచ్చర్ అంటారు. బంతి నేల తాకకుండా, బ్యాటు పట్టినవాళ్ల ముందునుంచి దూసుకుపోయి, వెనక గొంతుక్కూర్చున్న క్యాచర్ గ్లౌవులో పడాలి. ఆరో తరగతిలో నవనీత పిచ్చరయింది, ఆమె పక్క బెంచీలో కూర్చునే రుక్సానా క్యాచరయింది. మొదట్లో నవనీత వేసిన బంతులు వంటగది రేకుల మీద పడేవి. వంటామె గరిటె పట్టుకుని బయటికి వచ్చేది. పోశెట్టి సార్ ఆమెకు దండం పెట్టి, "పిల్ల నేర్చుకుంటున్నదమ్మా, జర ఓపిక వట్టు" అని బతిమాలేవాడు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి రుక్సానా గ్లౌవు ఎక్కడ పెడితే బంతి అక్కడికే వచ్చి పడేది. వంటామె కూడా అన్నం వార్చి వచ్చి చూసేది.

మూల్యాంకన అధికారి వైజయంతి మేడం ఒక ఉదయం కారులో దిగింది. ఆమె మెత్తగా మాట్లాడే మనిషి, ఎవరినీ నొప్పించదు. వేగం కొలిచే యంత్రాన్ని మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి నవనీత చేత పొద్దున్నుంచి సాయంత్రం దాకా బంతులు వేయించింది. వేళ్లు పొడవుగా ఉన్నాయంది. మణికట్టు మెత్తగా తిరుగుతోందంది. మోచెయ్యి సమయానికి తెరుచుకుంటోంది, బంతి చివరి క్షణంలో కిందికి జారుతోంది, ఇవి నేర్పితే వచ్చేవి కావంది. అన్నిటికన్నా ముఖ్యం, ఈ చెయ్యి ఇంకా ఎదుగుతుందంది. ఆ తరువాత మిగతా నవనీతను చూసింది. పొట్టి. కొంచెం బొద్దు. లెక్కల్లో వెనకబాటు. ఏది చెప్పినా ముందు నవ్వుతుంది. వీటిలో ఏదీ బంతి వెయ్యడానికి పనికొచ్చేది కాదని ఆమె ఎంతో మర్యాదగా చెప్పింది.

నవనీత తల్లి గంగామణి బీడీలు చుడుతుంది. బడికి రమ్మని కబురు వస్తే చేతులకు తంబాకు వాసన పోకుండానే వచ్చి, హెడ్‌మాస్టరు గదిలో గోడకు ఆనుకుని నిలబడింది.

"చెయ్యి ఒక్కటే తీస్కపోతే మా పిల్ల అన్నం ఎట్ల తింటది మేడం?" అని అడిగింది.

"ఎడమచెయ్యి మీ దగ్గరే ఉంటుందమ్మా. దానిమీద అకాడమీకి ఏ హక్కూ లేదు" అంది వైజయంతి మేడం.

గంగామణికి ఆ మాట ఎంతో ఊరటనిచ్చింది. "మీ దయ మేడం" అని దండం పెట్టింది.

ఆ ఇంటికి ఇటువంటి వ్యవహారం కొత్త కాదు. నవనీత తండ్రి సాయిలు భుజాలు రెండూ అప్పటికే మస్కట్‌లో ఉన్నాయి. ఒక కట్టడాల కంపెనీ వాటిని తీసుకెళ్లి చాలా కాలమైంది. మిగతా సాయిలు ఇంటి ముందర అరుగు మీద కూర్చుని ఉంటాడు. భుజాలు లేనందువల్ల చొక్కా నిలవదు, గంగామణి రోజూ మెడ దగ్గర పిన్నీసు పెడుతుంది. కూతురు చెయ్యి ఎంపికైందని విని అతను తల వంచి మోకాలికి కళ్లు తుడుచుకున్నాడు.

"మొదట్ల జరంత బోసి బోసి అనిపిస్తది బిడ్డా. గాలి తగులుతది. తర్వాత అలవాటైతది" అన్నాడు.

"నొప్పి లేస్తదా బాపూ?"

"తీసేటప్పుడు లేవది."

అతను చెప్పింది నిజమే. మండల ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరు, పాత పెట్టె తాళం తీసినంత సులువుగా భుజం దగ్గర తిప్పి చెయ్యి విడదీశాడు. నెత్తురు రాలేదు. నవనీతకు నవ్వొచ్చింది కూడా. చేతిని దూది పరిచిన చెక్కపెట్టెలో పడుకోబెట్టి, గాలి ఆడటానికి మూతకు చిల్లులు పెట్టారు. రుక్సానా వంగి, ఆ వేళ్ల మధ్య తమ పాత బంతి పెట్టబోయింది. అకాడమీలో కొత్త బంతులు ఇస్తారని, బయటి వస్తువులు అనుమతించరని వైజయంతి మేడం నచ్చజెప్పింది. రుక్సానా బంతి వెనక్కి తీసుకుంది.

బస్సులో చిన్న చర్చ జరిగింది. పెట్టెకు లగేజీ టికెట్టు కొట్టాలని కండక్టరు, అందులో ఉన్నది మనిషని పోశెట్టి సార్.

"మనిషైతే ఆడామె, మొగాయనా?" అని కండక్టరు అడిగాడు.

"ఆడపిల్ల చెయ్యి."

"అట్లయితే పైసల్లేవు, జీరో టికెట్ ఇస్త. ఆధార్ ఉన్నదా?"

"ఏలిముద్రలు దానికాడనే ఉన్నయి. జూస్కో."

కండక్టరు తృప్తిపడి జీరో టికెట్టు ఇచ్చాడు. టికెట్టున్న మనిషిని నిలబెట్టకూడదని పెట్టెకు కిటికీ పక్క సీటు కూడా ఇప్పించాడు. ఇంత మంచివాళ్లు ఇంకా ఉన్నారని గంగామణి ఊళ్లో చాలా రోజులు చెప్పుకుంది.

అలా నవనీత ఒక చేత్తో బడికి రావడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో అన్నం తినడం అలవాటయ్యేదాకా నాయనమ్మ వరసయ్యే ముసలివాళ్లు మొహం పక్కకు తిప్పుకునేవారు. అక్షరాలు పక్కకు వాలిపోయేవి. జడ మాత్రం రానే లేదు, అది రుక్సానా రోజూ పొద్దున వచ్చి వేసేది. తనకు జడ వేస్తున్నంతసేపూ నవనీత మాట్లాడకుండా కూర్చునేది. ఒకసారి మాత్రం, "నువ్వు లేకుంటే నేను బడికే రాకపోదునే" అంది. "మాట్లాడకు, పాయ జారుతది" అంది రుక్సానా.

అకాడమీ నుంచి చేతి అభివృద్ధి గురించి క్రమం తప్పకుండా నివేదికలు వచ్చేవి. పోశెట్టి సార్ వాటిని ప్రార్థన సమయంలో చదివేవాడు. చెయ్యి వేగం పెరిగింది. చెయ్యి రెండు కొత్త రకాల బంతులు నేర్చుకుంది. చెయ్యి ప్రవర్తన సంతృప్తికరం. పిల్లలందరూ చప్పట్లు కొట్టేవారు. నవనీత ఎడమచేత్తో తొడ మీద కొట్టేది. తన చెయ్యి కదా, గర్వంగానే ఉండేది. ఆమె సోషల్‌లో తప్పిన సంగతి ఆ నివేదికల్లో ఉండేది కాదు, అది వేరే శాఖ వ్యవహారం.

బతుకమ్మ పండక్కి చేతిని పంపించలేమని అకాడమీ తెలియజేసింది. గంగామణి నవనీత ఎడమచేతికి మైదాకు పెట్టి, మిగిలిన ముద్దను ఆకులో చుట్టి, కుడిచేతికి పెట్టమని హైదరాబాదుకు పంపింది. మైదాకు వల్ల బంతి మీద పట్టు జారే ప్రమాదం ఉందని జవాబు వచ్చింది. అయినా తల్లి ప్రేమను గుర్తించి ఒక చిటికెన వేలికి మాత్రం పెట్టామని అందులో రాశారు. గంగామణి ఆ మాటకే మురిసిపోయింది. "ఎంత మంచోళ్లో చూడు. పెట్టకపోయినా మనకు దెలుస్తదా?" అంది. సాయిలు తల ఊపాడు. భుజాలు ఎగరేయడానికి అతనికి వీల్లేదు.

మధ్యాహ్నాలు రుక్సానాకు పని లేకుండా పోయింది. మిగతా పిల్లలు వేసే బంతులు ఆమె దాకా రావు, వచ్చినా పట్టబుద్ధి కాదు. ఒకనాడు గ్లౌవు తెచ్చి నవనీత ఒళ్లో పడేసింది.

"ఎడమతోని ఏయరాదే. ఇది ఊకెనే మూలకు పడ్డది, ఎలుకలు కొడ్తున్నయ్."

"ఎడమతోని నాకేమొస్తది? కాయిదం మీద అక్షరమే వస్తలేదు."

"రాకుంటే మానె. రేకుల మీదనే పడనియ్. వంటామె తిడ్తది గంతే గద."

మొదటి బంతి నిజంగానే వంటగది రేకుల మీద పడింది. వంటామె బయటికి వచ్చి, ఎవరు వేశారో చూసి, గరిటె వెనక దాచుకుని లోపలికి పోయింది. తరువాత రోజూ వేశారు. అది సాధన అని వాళ్లిద్దరూ అనుకోలేదు. రుక్సానా గ్లౌవు పెట్టేది, నవనీత అటు చూసి విసిరేది, ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు.

మరుసటి ఏడాది జాతీయ పోటీల్లో అకాడమీ జట్టు బరిలోకి దిగింది. పిచ్చర్‌గా నవనీత కుడిచెయ్యి. క్యాచర్‌గా ఖమ్మం నుంచి ఎంపికైన రెండు మోకాళ్లు, ఒక అరచెయ్యి. పరుగులకు ఆదిలాబాదు కాళ్లు. ఎత్తున లేచే బంతుల్ని కనిపెట్టడానికి కరీంనగర్ కళ్లు. దేనికది రాష్ట్రంలోకెల్లా మేటి. అవతలి జట్టువాళ్ల అకాడమీ ఇంకా పాత పద్ధతిలోనే ఉండటం వల్ల పిల్లల్ని పూర్తిగా పంపించింది. వాళ్లు గెలిచారు. నవనీత చెయ్యి అందరికన్నా వేగంగా వేసింది గాని, బంతులు ఎటుపడితే అటు పోయాయి. ఒకటి అంపైరుకు తగిలింది.

ఓటమికి కారణం తెలుసుకోవడానికి వైజయంతి మేడం మళ్లీ బొర్రంపల్లి వచ్చింది. ఎంపిక సమయంలో ఏదో చిన్న భాగం పొరపాటున ఊళ్లో ఉండిపోయిందేమోనని ఆమె అనుమానం. ముందుగా రుక్సానాను పిలిచింది.

"అప్పట్లో బంతి ఎక్కడ వెయ్యాలో నవనీతకు ఎవరు చెప్పేవారు?"

"ఎవ్వలు జెప్పకపోదురు మేడం. నేను గ్లౌవు వెట్టేదాన్ని. అది నన్ను జూసేది."

"చూసి?"

"చూసి ఏసేది. నాకు బుగులైతే దానికి దెలుస్తుండె. మెల్లగ ఏసేది. బ్యాటు వట్టినోళ్లకు బుగులైతే జోరుగ ఏసేది."

వైజయంతి మేడం ఆ భయం, చూపు అనేవి శరీరంలో ఏ భాగానికి చెందుతాయో చాలాసేపు ఆలోచించింది. విడదీయడానికి వీలుగా ఏదీ దొరకలేదు. అప్పుడు పక్కనే ఉన్న నవనీత, ఎప్పటిలా ముందు నవ్వి, తరువాత అడిగింది.

"నన్ను మొత్తం తీస్కపోరాదు మేడం? ఒక్క మ్యాచ్‌కైనా."

"నాకూ తీసుకెళ్లాలనే ఉందమ్మా" అంది వైజయంతి మేడం. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. "కాని మొత్తం మనిషికి మా దగ్గర కోటా లేదు. మొత్తం మనిషి వస్తే మంచం కావాలి, తిండి కావాలి. జ్వరం వస్తుంది, నెలసరి వస్తుంది, ఇంటిమీద బెంగ పెట్టుకుంటుంది. చేతికి బెంగ ఉండదు."

"ఉంటది మేడం" అంది నవనీత.

"నీకెలా తెలుసు?"

"నాకు దెలుస్తది."

దీన్ని నిర్ధారించే పరికరం తమ దగ్గర లేదని చెప్పి వైజయంతి మేడం వెళ్లిపోయింది. లోపాన్ని సరిదిద్దటానికి చేతి చేత రెట్టింపు బంతులు వేయించాలని అకాడమీ తీర్మానించింది. పొద్దునా సాయంత్రమూ వేయించారు. చెయ్యి ఒక్కరోజు కూడా వద్దనలేదు. అలిసిపోయానని చెప్పే నోరు బొర్రంపల్లిలో ఉండిపోయింది.

ఆ నోరు ఒకరోజు లెక్కల క్లాసులో అరిచింది. నవనీత బెంచీ మీదనుంచి జారి కిందపడి, లేని మోచేతి దగ్గర గాలిని పట్టుకుని ఏడ్చింది. సార్లు మంచినీళ్లు తాగించారు. నొప్పి ఎక్కడంటే ఆమె తన పక్కన ఖాళీ జాగాను చూపించింది. పోశెట్టి సార్‌కు సంగతి అర్థమైంది. వెంటనే అకాడమీకి ఫోన్ చేశాడు.

"చెయ్యికి నొప్పి ఉన్నది సార్. మోచేతికాడ. రెండు దినాలు ఆపుండ్రి, మీకు దండం వెడ్త."

"ఎవరు చెప్పారు?"

"పిల్ల చెప్తున్నది."

"ఏ పిల్ల?"

"చెయ్యి ఎవల్దో ఆ పిల్ల."

ఎంపిక కాని భాగాల నుంచి ఫిర్యాదులు స్వీకరించే ఏర్పాటు ప్రస్తుతానికి లేదని, త్వరలో రావచ్చని అవతలి గొంతు మర్యాదగా చెప్పింది. పోశెట్టి సార్ ఫోన్ పెట్టేశాడు. ఆ తరువాత ఆయన ప్రార్థనలో నివేదికలు చదవడం మానేశాడు. అడిగితే కళ్లజోడు విరిగిందనేవాడు.

గంగామణికి తెలిసిన వైద్యం ఒకటే. బీడీల చాట పక్కన పెట్టి, నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, పసుపు కలిపి, కూతురి పక్కన కూర్చుంది. భుజం కొస దగ్గర మొదలుపెట్టి, చెయ్యి ఉంటే ఎంతవరకు ఉండేదో అంతవరకు గాలిలో రాసింది. మోచేతి దగ్గర బొటనవేలితో గుండ్రంగా తిప్పింది. నూనె చాప మీద పడుతూనే ఉంది.

"ఈడనా?"

"ఇంకింత కిందికి."

"ఈడ?"

"ఆఁ, గాడనే."

నవనీత కళ్లు మూసుకుంది. కాసేపటికి నొప్పి తగ్గిందంది. మరుసటి రోజూ, ఆ మరుసటి రోజూ రాసింది. సాయిలు అరుగు మీదనుంచి అది చూస్తూ, "నా భుజాలకు గూడ జర రాయరాదే" అని ఒక సాయంత్రం మెల్లగా అడిగాడు. ఇన్నేళ్లలో అతను ఏదైనా అడగడం అదే మొదలు. గంగామణి అతని మెడకు రెండు వైపులా గాలికి నూనె రాసింది. అతను పిన్నీసు ఊడిపోయినా పట్టించుకోకుండా తల వాల్చి నిద్రపోయాడు. ఆ రోజుల్లో చెయ్యి సాయంత్రాలు కారణం తెలియకుండా కోలుకుంటోందని, ఇది అకాడమీ శిక్షణా విధానం గొప్పతనమని నివేదికలో వచ్చింది. దాన్ని ఎవరూ చదవలేదు.

నూనె ఎంతకని ఆపగలదు. పదో తరగతి పరీక్షలకు ముందు మోచేతి లోపల నరం పుటుక్కున తెగింది. నవనీతకు ఆ చప్పుడు చెవిలో వినిపించింది.

అకాడమీ చేతిని తిరిగి ఇవ్వాలని నిర్ణయించింది. ఇవ్వడం కూడా ఎంతో గౌరవంగా ఇచ్చింది. వైజయంతి మేడం స్వయంగా తెచ్చింది. బడిలో సన్మాన సభ పెట్టారు. బల్ల మీద చేతిని ఉంచి, శాలువా కప్పి, పక్కన జ్ఞాపిక పెట్టారు. ఈ చెయ్యి అకాడమీకి చేసిన సేవ మరువలేనిదని వైజయంతి మేడం మాట్లాడింది. మాట్లాడుతూ శాలువా ముడతను తన చేత్తోనే సరిచేసింది. ఇకమీదట ఇది భుజం పైకి లేవదని, బరువులు ఎత్తించవద్దని, బంతి అసలే వేయించవద్దని చెప్పింది. హెడ్‌మాస్టరు అకాడమీకి కృతజ్ఞతలు తెలిపాడు. సర్పంచి హెడ్‌మాస్టరుకు కృతజ్ఞతలు తెలిపాడు. గంగామణి మైకు దగ్గరికి రమ్మంటే వచ్చి, "మా పిల్ల చెయ్యి మాకిచ్చిండ్రు. కొందరివి రావు. మీ కడుపు సల్లగుండ" అని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగిపోయింది.

ఆ సభలోనే కాంపౌండరు చేతిని భుజానికి బిగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నవనీత కొట్టబోయింది గాని కుడిచెయ్యి రాలేదు. దానికి చప్పట్లు వినడమే తెలుసు. భోజనాల దగ్గర అది విస్తరి పక్కన ఊరికే పడుకుంది. అన్నం ముద్ద పట్టి పైకి తీసుకుపోతే అక్కడొక నోరుంటుందని దానికి అనుభవం లేదు. గంగామణి దాన్ని పట్టుకోబోతే, బంతిని పట్టినట్టు అది ఆమె మణికట్టును గట్టిగా పట్టేసింది. ఆమె విడిపించుకోలేదు. "ఎంత లావైనవే" అంటూ దాని వేళ్లను ఒక్కొక్కటిగా నిమిరింది. చిటికెన వేలి గోరును ప్రత్యేకంగా చూసింది. అక్కడ ఏమీ లేదు, ఎప్పుడో పోయి ఉంటుందని తనకు తానే చెప్పుకుంది.

రుక్సానా ఆ చెయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. దాని అరచేతిలో తమ పాత బంతి పెట్టింది. వేళ్లు బంతి కుట్టు మీద వాటికవే సరిగ్గా సర్దుకున్నాయి. తరువాత వణకడం మొదలుపెట్టాయి. రుక్సానా బంతి తీసేసి, తన రెండు చేతులతో ఆ చేతిని మూసింది.

"వద్దులే. నువ్వు కూసో" అంది దానితో. ఆ పైన నవనీత వైపు తిరిగి, "రాయే, ఎడమతోని ఏద్దాం. పొద్దటి సంది మొకం గుంజుకున్నవ్" అంది.

వాళ్లిద్దరూ మైదానంలోకి పోయారు. వైజయంతి మేడం కారెక్కబోతూ ఆగింది. రుక్సానా గ్లౌవు మోకాలి దగ్గర పెట్టింది. బంతి మోకాలి దగ్గర పడింది. చెవి పక్కన పెట్టింది, చెవి పక్కన పడింది. పడబోయే ముందు బంతి ఎవరో పిలిచినట్టు కొంచెం పక్కకు తిరుగుతోంది. వైజయంతి మేడం డ్రైవరును పిలిచి డిక్కీలోంచి యంత్రం దింపించింది.

యంత్రం చూపించింది చూసి ఆమె మొహం వెలిగిపోయింది. ఎడమచేతి పిచ్చర్లు చాలా అరుదని, దేశమంతా వెతికినా పట్టుమని పదిమంది దొరకరని, ఈ చెయ్యికి వేగంతో పాటు గురి కూడా ఉందని ఆమె హెడ్‌మాస్టరుతో చెప్పింది. ఇంకా ఎదుగుతుందని కూడా చెప్పింది.

"అది ఎట్లొచ్చిందో ఎరుకేనా మేడం?" అంది రుక్సానా. ఆమె గొంతు పెద్దది, అందరికీ వినబడింది. "కుడిది మీరు తీస్కపోతెనే వచ్చింది."

"నిజమేనమ్మా. మా అభివృద్ధి కార్యక్రమం ఫలితమే ఇది. నివేదికలో తప్పక రాస్తాను" అంది వైజయంతి మేడం సంతోషంగా.

పోశెట్టి సార్ నవనీతను పక్కకు తీసుకుపోయాడు. ఆయన మొహం నల్లబడింది. "నీకు ఇష్టం లేదంటే చెప్పు బిడ్డా. నేను జెప్త. నౌకరి పోతే పోయె" అన్నాడు. నవనీత ఆయన్ని చూసింది. ఆరో తరగతి నుంచి ఈయన తనకోసం ఎవరెవరికి దండాలు పెట్టాడో ఆమెకు తెలుసు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు నాకు ఆట నేర్పిండ్రు సార్. గంతకంటె ఇంకేం గావాలె" అంది. "అడిగెటోళ్లు అడుగుతనే ఉంటరు, తీస్కపోనియ్యుండ్రి. లేకుంటే మా ఊరు పేరు ఎవలకు దెలుస్తది?"

మొత్తం మనిషికి కోటా ఉందా అని ఈసారి ఆమె అడగలేదు.

ఇంట్లో కూడా పెద్దగా చర్చ జరగలేదు. కుడిచెయ్యి వచ్చింది కాబట్టి ఎడమచెయ్యి పోయినా ఇల్లు బోసిపోదని సాయిలు లెక్క చెప్పాడు. వాళ్లు రెండూ ఒకేసారి అడగలేదు, అది వాళ్ల మంచితనమని గంగామణి అంది. ఇక కుడిచెయ్యి మరిచిపోయిన పనులన్నీ నవనీత దానికి మళ్లీ నేర్పాలి. అన్నం కలపడం, పెన్ను పట్టడం, ముక్కు తుడుచుకోవడం. ముసలివాళ్లకు మొహం తిప్పుకునే అవసరం ఉండదు, అదీ ఒక మేలే.

ఆదివారం పొద్దున బస్సు దగ్గరికి ఊరంతా వచ్చింది. ఈసారి పెట్టె కొత్తది, లోపల స్పాంజి వేశారు. కిటికీ పక్క సీట్లు ఖాళీ లేవు. ఒక సీట్లో కార్పొరేట్ కాలేజీ ఎంపిక చేసుకున్న ఒక పిల్లవాడి తల ఉంది, పక్కన అతని తల్లి కూర్చుని దాని నుదుటి మీద వెంట్రుకలు సర్దుతోంది. ఇంకో సీట్లో పట్నంలో పిల్లల్ని ఆడించటానికి పోతున్న ఒకామె ఒడి ఉంది. డ్రైవరు వెనక సీట్లో, కొత్తగా దుబాయి వీసా వచ్చిన ఒకతని నడుము. ఎవరి పెట్టె వాళ్లు భద్రంగా పట్టుకున్నారు. కండక్టరు అందరినీ సర్దుకోమని చెప్పి నవనీత పెట్టెకు జాగా చేయించాడు.

గంగామణి కండక్టరుకు దండం పెట్టింది. పోశెట్టి సార్ రాలేదు, జ్వరమని చెప్పించాడు. రుక్సానా వచ్చింది. గ్లౌవు చేతికి తొడుక్కునే వచ్చింది, ఎందుకని ఎవరూ అడగలేదు. ఈసారి పెట్టెకు తోడుగా బస్సులోనే పోతున్న వైజయంతి మేడం కిటికీలోంచి తల బయటపెట్టి, ఏమైనా చెప్పాలా అని నవనీతను అడిగింది.

నవనీత ముందు నవ్వింది. "దానికి బెంగ ఉంటది మేడం. జర చూసుకోండ్రి" అంది. కాసేపాగి, "థాంక్సు మేడం" అంది. అది ఆమె మనసులోంచి వచ్చిన మాటే.

బస్సు కదిలింది. అప్పుడు, వచ్చినప్పటినుంచి ఏ పనీ చెయ్యని నవనీత కుడిచెయ్యి, ఎవరూ చెప్పకుండానే కదిలింది. భుజం పైకి లేవదన్న చెయ్యి నొప్పితో కొంచెం కొంచెంగా లేచి, చెవి దాకా వచ్చి, వెళ్లిపోతున్న ఎడమచేతికి టాటా చెప్పింది. బస్సు మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉంది.

పిల్ల చేతికి ఎంత మర్యాద నేర్పించారో చూడండని ఊళ్లో అందరూ అకాడమీని మెచ్చుకున్నారు.